కొత్త మాష్టారికి ఏమిద్దాం?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను గానీ, ఏం రాయాలో మాత్రం తోచలేదు. నేను రచయితను కాను. ఈ కురుపాం హాస్టల్లో అన్నం తిని, ఇక్కడి లైటు కింద చదువుకుని, ఇరవైమూడేళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మామూలు టీచర్ని. అయితే అదే ఫోనులో తమ్ముళ్లు ఇంకో మాట అడిగారు. దానికి జవాబు చెప్తే చాలు, వ్యాసం అయిపోతుందనిపించింది.

వాళ్లు అడిగింది ఇది. "అన్నా, మన హాస్టల్లో చదివిన ఇద్దరికి మెగా డీఎస్సీలో టీచరు ఉద్యోగాలొచ్చాయి. వార్షికోత్సవం రోజు స్టేజీ మీద సన్మానం చేద్దామని చందాలు వేసుకున్నాం. శాలువా, మెమెంటో, గోడ గడియారం అనుకున్నాం. నువ్వు టీచరువి కదా, ఇంకేదైనా బాగుంటుందా?"

ముందుగా ఆ ఇద్దరికీ నా అభినందనలు. 2025లో రాష్ట్రం మొత్తం మీద 16,347 పోస్టులకు ప్రకటన వస్తే, ఎన్ని లక్షల మంది పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారో మనందరం చూశాం. అందులో రెండు ఉద్యోగాలు మన కంచాల్లో తిన్నవాళ్లు తెచ్చుకున్నారంటే ఈ హాస్టల్ గోడలకు కూడా గర్వమే.

ఇక బహుమతి సంగతి. తమ్ముళ్లూ, ఆ జవాబు ఒక్క మాటలో చెప్పలేను. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఇదే హాస్టల్లో నాకూ సన్మానం జరిగింది. ఆ రోజు నాకు ఇచ్చినవేమిటో, వాటిలో ఏవి పనికొచ్చాయో, నేను వద్దన్న ఒక బహుమతి వల్ల ఏం జరిగిందో చెప్తాను. తర్వాత ఏమివ్వాలో మీరే నిర్ణయించుకోండి.

2002 జనవరిలో నాకు సెకండరీ గ్రేడ్ టీచరుగా ఆర్డరు వచ్చింది. అప్పటికి మనది విజయనగరం జిల్లా. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. పోస్టింగు ఒక సవర ఊళ్లో. ఆటో దిగాక కొండదారిన గంట పైన నడవాలి. ఒకే గది, ఒకే మాష్టారు, ఐదు తరగతులు, ముప్పై ఒక్కమంది పిల్లలు. ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకంటే తప్పు ఊరిది కాదు, నాది.

వెళ్లే ముందు హాస్టల్‌కి వస్తే వార్డెన్ గారు, పిల్లలు, పాత విద్యార్థులు కలిసి చిన్న సభ పెట్టారు. మూడు శాలువాలు కప్పారు. మూడు గోడ గడియారాలు ఇచ్చారు. ఒక పెన్నుల సెట్టు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటం, గాజు పెట్టెలో ఒక తాజ్‌మహల్ కూడా వచ్చాయి. అన్నీ ప్రేమతో ఇచ్చినవే. మా అమ్మ వాటిని చూసి కళ్లు తుడుచుకుంది. ఆ మాట మర్చిపోకుండా మిగతాది చదవండి.

సభ అయ్యాక వార్డెన్ గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి ఒక గోనెసంచి చేతికిచ్చారు. "స్టేజీ మీద ఇస్తే బాగుండదని ఇక్కడ ఇస్తున్నానయ్యా" అన్నారు. విప్పి చూస్తే నాలుగు సుద్దముక్కల డబ్బాలు, గుడ్డ డస్టరు, ఒక పెద్ద తాళం, పురికొస ఉండ, కత్తెర, సూదీ దారం, ఒక టార్చిలైటు, డజను పలకలు, బలపాల పెట్టె. నిజం చెప్తున్నాను, అప్పుడు కొంచెం చిన్నబోయాను. ఉద్యోగం వచ్చినవాడికి గోనెసంచా అనుకున్నాను.

ఆఖరున మన కమాటి మావ వచ్చాడు. అప్పటి వాళ్లందరికీ ఆయన గుర్తుంటాడు. సవర మనిషి. బడికి వెళ్లి చదువుకోలేదు. బియ్యం ఏరడం, నీళ్లు తోడడం, రాత్రిపూట కొత్త పిల్లలు ఏడిస్తే పక్కన కూర్చోవడం ఆయన పని. చివరిది ఆయన ఉద్యోగంలో రాసి లేదు, ఆయనే పెట్టుకున్నాడు.

"ఏ ఊరేసినారు బాబూ?" అన్నాడు. చెప్పాను.

"ఆ ఊరా! ఆ గుంటలకి తెలుగు రాదు గదా. కూకో, నాలుగు మాటలు సెప్తాను, రాసుకుని ఎల్లు."

నేను నవ్వి, "పుస్తకాలన్నీ తెలుగులోనే ఉంటాయి గదా మావా. బడికొస్తే వాళ్లే నేర్చుకుంటారు" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. నా సామాను ఆటో దాకా మోసి వెళ్లిపోయాడు.

మేం జాతాపులం. మా అమ్మమ్మ కువి మాట్లాడేది. మా అమ్మకు సగం అర్థమయ్యేది. నాకు అసలు రాదు, మా ఇంట్లో అంతా తెలుగే. గిరిజనుడినే అయి ఉండి, పక్క కొండ మీది సవర పిల్లవాడి మాట నాకు రాదన్న సంగతి ఆ రోజు నాకు పెద్ద లోటుగా అనిపించలేదు.

బడికి వెళ్లిన మొదటి రోజే గోనెసంచి విలువ తెలిసింది. బడి తలుపుకు తాళం లేదు, రాత్రిళ్లు మేకలు లోపల పడుకునేవి. తాళం వేశాక గది గదిలా నిలిచింది. పలకలు లేని పిల్లలు పన్నెండు మంది తేలారు, సరిగ్గా డజను పలకలూ సరిపోయాయి. పురికొస గదికి అడ్డంగా కట్టి పిల్లలు గీసిన బొమ్మలు ఆరేసినట్టు తగిలించాను. సూదీ దారంతో ఎన్ని చొక్కా గుండీలు కుట్టానో లెక్కలేదు. గుండీ ఊడిన పిల్లవాడు చొక్కా పట్టుకుని కూర్చుంటాడు, రెండు చేతులతో పలక మీద రాయడు. ఈ సంగతి ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

మరి గడియారాలు? కొట్టడానికి గోడలో మేకు నిలవలేదు. ఒకటి ఇంట్లో ఉంచి, ఒకటి చెల్లెలి పెళ్లికి ఇచ్చేశాను. మూడోది చాలా నెలల తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, ముళ్లు చేత్తో తిప్పుతూ మూడో తరగతికి గంటలూ నిమిషాలూ నేర్పాను. అప్పుడు అది నిజంగా పనికొచ్చింది. శాలువాల్లో ఒకటి వానాకాలంలో జ్వరంతో వణికిన ఒక పాపకు కప్పాను, మళ్లీ తిరిగి తీసుకోలేదు. కాబట్టి శాలువా, గడియారం పనికిరానివని నేను అనను. మూడేసి వద్దంటాను, అంతే.

బడిలో ఒక మూల తుప్పు పట్టిన రేకు పెట్టె ఉండేది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత, 1987లో మొదలైన 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' కింద దేశమంతా చిన్న బడులకు సామగ్రి ఇచ్చారు. కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, పటాలు, గ్లోబు, లెక్కల కిట్టు, సైన్సు కిట్టు ఉండాలన్నది ఆ పథకం ఉద్దేశం. మా బడి పెట్టెలో కూడా గ్లోబు, పటాలు కొత్తవి కొత్తగానే ఉన్నాయి. పగిలితే స్టాకు రిజిస్టరులో జవాబు చెప్పాలని భయపడి ఎవరూ బయటికి తీయలేదు. పిల్లలకు అందని వస్తువు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం? నేను తీశాను. గ్లోబు మొదటి వారంలోనే స్టాండు నుంచి ఊడిపోయింది. పిల్లలు దాన్ని బంతిలా ఒకరికొకరు అందించుకుంటూనే సముద్రం ఏదో, నేల ఏదో చూపించడం నేర్చుకున్నారు. రిజిస్టరులో "వాడుకలో పాడైనది" అని రాశాను. నన్నెవరూ ఏమీ అనలేదు.

అప్పట్లో డీపీఈపీలోను, తర్వాత సర్వశిక్షా అభియాన్‌లోను టీచరుకు ఏడాదికి 500 రూపాయలు బోధన సామగ్రికి ఇచ్చేవారు. వాటితో చార్టులు, స్కెచ్ పెన్నులు, జిగురు కొనేవాణ్ని. మిగతాది కొండే ఇచ్చింది. కొండచీపురు పుల్లలు పదేసి కట్టలు కడితే పదులు, విడిపుల్లలు ఒకట్లు. పది కట్టలు కలిపి కడితే వంద. చింతపిక్కలతో కూడికలు, తీసివేతలు. అడ్డాకు మధ్యకు మడిస్తే సగం, మళ్లీ మడిస్తే పావు. నల్లబల్ల వెలిసిపోతే బొగ్గు నూరి ఆకుపసరుతో కలిపి పిల్లలే రాసేవారు. ఇదంతా చూసి నేను మంచి టీచరునైపోయానని అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మార్చి నెల. ఎండలు ముదురుతున్నాయి. మధ్యాహ్న భోజనం బడిలోనే వండి పెట్టడం 2003 జనవరిలో మొదలైంది, అప్పటికింకా లేదు. బడిలో తాగడానికి నీళ్ల కుండ కూడా లేదు. దాహమేస్తే పిల్లలు ఇంటికి పరిగెత్తేవారు. నేను మాత్రం ఇంటి దగ్గర్నుంచి నీళ్ల సీసా తెచ్చుకుని కుర్చీకి తగిలించుకునేవాణ్ని.

ఒక రోజు నేను మూడో తరగతికి లెక్క రాస్తుంటే ఒకటో తరగతి పిల్లవాడొకడు వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆరేళ్లుంటాయి. నా మొహం లోకి చూసి "డా" అన్నాడు. నేను పట్టించుకోలేదు. మళ్లీ కొంచెం గట్టిగా "డా" అన్నాడు.

నాకది "దా" అని వినిపించింది. మనం చిన్నవాళ్లను, పశువులను పిలిచినట్టు "దా" అని. మాష్టారిని అలా పిలుస్తాడా అని కోపమొచ్చింది. "మాష్టారిని దా అంటావేట్రా? మర్యాద లేదా?" అని గట్టిగా అరిచాను. బెత్తంతో బల్ల మీద కొట్టాను కూడా. వాడికి నా మాటలు అర్థం కాలేదు, నా మొహం అర్థమైంది. బయటికి పరిగెత్తాడు. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

పది రోజులయ్యాక నాలుగో తరగతి పాప ఒకతి, దానికి సంతకు వెళ్లి వెళ్లి కాస్త తెలుగు వచ్చు, మెల్లగా నా దగ్గరకొచ్చి చెప్పింది. "మాష్టారండీ, ఆడు మిమ్మల్ని ఏటీ అనలేదండి. నీలడిగాడండి. మా మాటలో నీలంటే డా అండి."

వాడు చూసింది నా మొహం కాదు, నా వెనక కుర్చీకి తగిలించి ఉన్న నీళ్ల సీసా.

ఆ సాయంత్రం కొండ దిగుతుంటే కాళ్లు ఈడ్చుకుపోయాయి. నేను ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కి వచ్చిన కొత్తలో భయమేసి రాత్రంతా ఏడిస్తే, ఎవరూ నన్ను కసురుకోలేదు. నాకు తెలిసిన మాటలోనే ఊరుకోబెట్టారు. దాహమేసి నీళ్లడిగిన పిల్లవాణ్ని నేను బడి నుంచి తరిమేశాను. వాడు ఇక రాకపోతే? పేరు రిజిస్టరులో ఉంటుంది, "దీర్ఘకాలంగా రావడం లేదు" అని రాస్తాను, ఎవరూ అడగరు. ఒక చదువు ఆగిపోవడానికి ఇంత చిన్న మాట చాలా?

శనివారం తిన్నగా హాస్టల్‌కి వచ్చాను. కమాటి మావ వంటింటి అరుగు మీద చేటలో బియ్యం ఏరుతున్నాడు. జరిగింది చెప్పాను. ఆ రోజే చెప్తానన్నాను గదా అని ఆయన ఎత్తిపొడవలేదు.

"పుస్తకం తెచ్చినావా?" అన్నాడు, అంతే.

వంద పేజీల నోటుబుక్కు. నాలుగు శనివారాలు కూర్చున్నాం. ఆయన చెప్పాడు, నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ అని మొదలుపెడతాడేమో అనుకున్నాను. ఆయన వరస వేరు. మొదట నీళ్లు. తర్వాత ఆకలి, కడుపునొప్పి, బయటికెళ్లాలి, భయమేస్తోంది, చలి, ఇంటికెళ్తాను, నన్ను కొట్టాడు, నాకు తెలీదు. "కొత్తగొచ్చిన గుంటడికి బడిలో ముందు కావాల్సినవియ్యే బాబూ. ఏనుగు, ఒంటె తరవాత నేర్సుకోవచ్చు" అన్నాడు. ఎన్నో ఏళ్లుగా కొత్త పిల్లల ఏడుపులు విన్న మనిషికి ఏ మాట ముందు కావాలో నాకంటే బాగా తెలుసు. "డా" అనేటప్పుడు చివర గొంతు దగ్గర చటుక్కున ఆగాలి. నాకది పలకడానికి రెండు వారాలు పట్టింది.

ఆ మధ్యలోనే ఒక రోజు ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ నన్ను చూసి బెదిరింది. మాష్టారు ఇంటికొచ్చాడంటే ఏం కోప్పడతాడో అని. నేను అరుగు మీద కూర్చుని, నోటుబుక్కు తీయకుండా, "డా" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగాను. గుంజ చాటు నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. నా ఉచ్చారణ విని వాడు నవ్వుతున్నాడు. సోమవారం బడికొచ్చాడు.

ఆ వారమే సంతలో ఒక మట్టికుండ, మూత, పొడుగు కాడ గరిటె, రెండు గ్లాసులు కొని బడిలో పెట్టాను. నా బడికి నేను కొన్న సామాన్లలో ఇప్పటికీ అంతకంటే ఉపయోగమైనది లేదంటాను.

తమ్ముళ్లూ, ఇది నేనొక్కణ్ని కనిపెట్టిన సంగతి కాదు. మనకు తూర్పున, ఇప్పుడు ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారని ఒక మాష్టారు ఉండేవారు. 1863లో పుట్టి 1940లో కాలం చేశారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అంటూ మనం దండ వేసేది ఆయన పటానికే. వాడుక తెలుగు కోసం పోరాడారని పుస్తకంలో చదువుకున్నాం. అంతకుముందే ఆయన సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. కొండల్లో తిరిగి మన్యం జ్వరం తెచ్చుకుని, దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారని ఆయన జీవితచరిత్రలు చెప్తాయి. పిల్లల మాట వినడానికి వెళ్లి తన చెవులు ఇచ్చుకున్న మాష్టారు ఆయన. నాకు రెండు చెవులూ బాగానే ఉండి వినలేదు.

ప్రభుత్వం కూడా ఈ ఇబ్బంది గుర్తించింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. మన వైపు మాట్లాడే సవర, కువి, కొండ భాషలు అందులో ఉన్నాయి. తెలుగు లిపిలోనే సవర మాటలు అచ్చేసిన వాచకం మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, నా వంద పేజీల నోటుబుక్కును పక్కన పెట్టి చూసుకున్నాను. అచ్చు పుస్తకం ఎంతో బాగుంది. అయినా నా నోటుబుక్కులోని "కడుపునొప్పి" పేజీ అవసరం తీరలేదు.

సరే, ఇప్పుడు మీరడిగిన దానికి వస్తాను. కొత్త మాష్టారికి ఏమివ్వాలి?

మొదట ఒక మాట. ఏ బడిలో వేశారో, అక్కడ ఏమున్నాయో కనుక్కుని ఇవ్వండి. నా రోజులు వేరు, ఇప్పటి రోజులు వేరు. బ్యాగులు, యూనిఫాం, బూట్లు, నోటుపుస్తకాలు 2020 నుంచి పిల్లలకు కిట్లుగా అందుతున్నాయి. ఇప్పుడు అదే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో వస్తోంది. కాబట్టి అవి మళ్లీ కొనక్కర్లేదు. కిట్టులో రానివే చూడండి.

ఒకటి, రోజూ అరిగిపోయేవి, పోయేవి. సుద్దముక్కలు, రంగు సుద్దలు, డస్టరు, పెన్సిళ్లు, రబ్బర్లు, చెక్కే మరలు. మొదటి జీతం చేతికి రావడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ నెలల్లో సుద్దముక్క కూడా చేతి డబ్బుతోనే కొనాలి. అప్పులు చేసి కోచింగుకు వెళ్లి వచ్చిన పిల్లలకు ఇది చిన్న సాయం కాదు.

రెండు, కట్టేవి, కోసేవి, అతికేవి. కత్తెర, పురికొస, జిగురు, స్టేప్లరు, మేకులు, చిన్న సుత్తి, పాత క్యాలెండర్లు. క్యాలెండరు వెనక తెల్లకాగితం కంటే మంచి చార్టు లేదు. డిసెంబరు అయిపోగానే హాస్టల్లో, షాపుల్లో పాత క్యాలెండర్లు పోగుచేసి ఇవ్వండి. పైసా ఖర్చు లేదు.

మూడు, ఒంటికి సంబంధించినవి. దూది, కట్టు గుడ్డ, టించరు, ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు, గోళ్ల కత్తిరి, దువ్వెన, సూదీ దారం, గుండీలు. ఇవన్నీ ఒక మూత డబ్బాలో సర్ది పైన పేరు రాసి ఇవ్వండి.

నాలుగు, నీళ్లకు. మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బా, పొడుగు కాడ గరిటె. ఎందుకో మీకిప్పుడు తెలుసు.

ఐదు, మాష్టారి కోసం. గొడుగు, టార్చిలైటు, ఫోనుకు పవర్ బ్యాంకు. ఇప్పుడు హాజరు కూడా ఫోనులోనే వెయ్యాలి, కొండ మీద కరెంటు పోతే తెలుస్తుంది. మంచి తెలుగు నిఘంటువు ఒకటి. పిల్లలకు చదివి వినిపించడానికి బొమ్మల కథల పుస్తకాలు నాలుగైనా. అవి బీరువాలో పెట్టకుండా దారానికి తగిలించమని చెప్పండి.

శాలువా ఒకటి కప్పండి. వాళ్లమ్మ చూడాలి కదా.

ఇవన్నీ డబ్బుతో కొనేవి. ఏ ఊరివాళ్లైనా కొనివ్వగలరు. కానీ మీరు మాత్రమే ఇవ్వగలిగింది ఒకటుంది. అది అడగడానికే ఇంత రాశాను.

మన హాస్టల్ హాలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక చాప మీద సవర పిల్లవాడు, పక్కన కువి మాట్లాడే పిల్లవాడు, ఆ పక్కన తెలుగు తప్ప ఏదీ రాని మైదానం పిల్లవాడు. ఇన్ని మాటలు ఒకే కప్పు కింద నిద్రపోయే చోటు మన చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి? మీలో చాలామందికి రెండు భాషలొచ్చు. హాస్టల్‌కి వచ్చిన కొత్తలో మీకు ఏ మాట కావాల్సి వచ్చిందో, ఎవరికీ అర్థం కాక ఎక్కడ ఏడ్చారో మీకు తెలుసు. ఏ ట్రైనింగు కాలేజీలోనూ లేని పాఠం అది.

ఒక రెండు వందల పేజీల లాంగు నోటుబుక్కు కొనండి. ఒక పేజీకి ఒక మాట. పైన తెలుగు మాట, కింద సవర, కువి, ఎవరికి ఏది వస్తే అది, తెలుగు అక్షరాల్లో. పలికేటప్పుడు ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో గుర్తు పెట్టండి. ఒక ఊరి మాటకు ఇంకో ఊరి మాటకు తేడా ఉంటే రెండూ రాయండి. రాసినవాడి పేరు, ఊరు కింద రాయండి. మొదటి పేజీ నీళ్లు. తర్వాత కమాటి మావ వరసే. ఏనుగు, ఒంటె చివర్లో. చిన్న తరగతి వాళ్లు బొమ్మ వేస్తే ఇంకా మంచిది. వార్షికోత్సవం లోపు రెండు నోటుబుక్కులు పూర్తి చేసి ఆ ఇద్దరి చేతిలో పెట్టండి. స్టేజీ మీదే, అందరూ చూస్తుండగా. నాకు ఆఫీసు గదిలో, వంటింటి అరుగు మీద ఇచ్చినవి వాళ్లకు మైకులో పేరు చదివి ఇవ్వండి.

కొత్త మాష్టారూ, కొత్త మేడమ్ గారూ, మీరు ఇది చదువుతుంటే ఒక్క మాట. ఎవరైనా నాలుగు మాటలు చెప్తానంటే నాలాగా నవ్వి వద్దనకండి. కూర్చుని రాసుకోండి.

ఆ పిల్లవాడు ఏమయ్యాడని అడుగుతారు. ఐదు పూర్తిచేసి మన హాస్టల్‌కే వచ్చాడు. పదో తరగతి దాకా చదివి ఆపేశాడు. ఇంకా చదివించలేకపోయానన్న బాధ నాకుంది. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, పెళ్లయింది, కూతురు ఒకటో తరగతి. నేను రోడ్డు మీద కనిపిస్తే ఆటో ఆపి, సీసా తీసి, "మాష్టారూ, డా?" అంటాడు. ఇద్దరం నవ్వుతాం. నేను తాగుతాను.

కమాటి మావ ఇప్పుడు లేడు. ఆయన చెప్పగా రాసిన నోటుబుక్కు నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోతే కుట్టాను, వార్డెన్ గారి గోనెసంచిలో వచ్చిన ఆ దారంతోనే. వార్షికోత్సవానికి తెస్తాను. మీరు రాసేవాటికి చూసి రాసుకోవడానికి పనికొస్తుంది. పని అయ్యాక హాస్టల్ లైబ్రరీలో ఉంచండి.

సెలవు.

మీ
ఒక పూర్వ విద్యార్థి